జానెడు దూరంలో వెండితెర

సినిమాహాలు ఇంటి హాల్లోకి రావడానికి పెద్ద ఇల్లు అక్కర్లేదు. తిన్నని గోడ కావాలి.

గుంటూరులో బ్రాడీపేట చిరునామా చెప్పడానికి రెండు అంకెలు చాలు. 4/14 అంటే నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు. ఆటో అబ్బాయికి అంతకు మించి చెప్పక్కర్లేదు. ఒకప్పుడు వరండాలు, పెరళ్లు ఉన్న ఇళ్ల వరుసలు ఇవి. ఇప్పుడు ఎటు చూసినా అపార్ట్‌మెంట్లే. కింద ఆసుపత్రో కోచింగ్ సెంటరో, పైన మూడు నాలుగు అంతస్తుల్లో కాపురాలు. ఆ కాపురాల్లో హాలు అంటే 11, 12 అడుగుల వెడల్పు, 16 నుంచి 18 అడుగుల పొడవు. నడిమధ్యన ఫ్యాను, ఒక గోడకు టీవీ, ఎదురుగా సోఫా, పక్కన కిటికీ, ఇంకో పక్క వంటింటి దారి. ఇప్పుడు ఈ హాల్లోకే ఏడడుగుల వెడల్పున్న వెండితెర వస్తానంటోంది.

ఊరికి సినిమా అంటే ఎంత ప్రేమో చెప్పాల్సిన పనిలేదు. నాజ్ సెంటరుకు ఆ పేరు ఇచ్చింది నాజ్ థియేటరే. హరిహర మహల్, లీలామహల్ పేర్లు చెబితే దారి అడిగినవాడికి దారి దొరికేది. తెలుగు సినిమా వ్యాపారంలో నైజాం, సీడెడ్, ఉత్తరాంధ్రల సరసన గుంటూరు ఒక విడి ఏరియా. కొత్త సినిమా వసూళ్ల లెక్కల్లో ఈ పేరుకు ప్రత్యేకంగా ఒక వరుస ఉంటుంది. అలాంటి ఊళ్లో 2020 తర్వాత సినిమా చూసే తీరు మారింది. థియేటర్లో ఆడిన బొమ్మ కొన్ని వారాలకే ఫోన్లోకి, టీవీలోకి వచ్చేస్తోంది. రాజమౌళి తెర నిండా నింపి తీసిన దృశ్యాన్ని 43 అంగుళాల టీవీలో, సోఫాలో పదడుగుల దూరాన కూర్చుని చూస్తున్నాం. మనిషి మొహం అరచేయంత కూడా కనిపించదు. ఆ వెలితి తెలిసినవాళ్లే ఇప్పుడు లేజర్ ప్రొజెక్టర్ల గురించి వాకబు చేస్తున్నారు.

పిల్లలు అమెరికాలో, పెద్దవాళ్లు బ్రాడీపేటలో ఉన్న ఇళ్లల్లో ఈ మాట ఎలా మొదలవుతుందో ఊహించడం కష్టం కాదు.

“నాన్నా, ఆ టీవీ తీసేసి ప్రొజెక్టర్ పెట్టిద్దాం.”

“మనకెందుకురా ఆ సంత! ఫ్యాను అడ్డం వస్తుంది. లైట్లన్నీ ఆర్పుకుని కూర్చోవాలి. మీ అమ్మ సీరియల్ చూస్తూ చిక్కుడుకాయలు ఒలుచుకోవాలంటే వెలుతురుండొద్దూ?”

“ఇది అలాంటిది కాదు నాన్నా. గోడ పక్కనే బల్ల మీద పెడతారు. ఫ్యానుతో పనిలేదు.”

ఆ తండ్రి సందేహాలు రెండూ న్యాయమైనవే. డాలస్ చుట్టుపక్కల మనవాళ్లు కొనుక్కునే ఇళ్లల్లో మేడ మీద ‘మీడియా రూమ్’ అని ఒక గది చాలాచోట్ల విడిగా ఉంటుంది. న్యూజెర్సీలో అయితే బేస్‌మెంట్ ఉంటుంది. అక్కడ గదిని చీకటి చేసి, వెనక గోడకు ప్రొజెక్టర్ బిగించి, ముందు గోడకు తెర కడితే సరిపోతుంది. బ్రాడీపేట మూడు పడకగదుల ఇంట్లో సినిమా కోసం ఒక గదిని వదిలేసే స్తోమత ఎవరికి ఉంది? పైగా విడి గదిలో పెట్టిన తెర ముందుకు కుర్రాళ్లు మాత్రమే వెళతారు. హాల్లో పెడితే అమ్మమ్మ కూడా చూస్తుంది. నా వరకు ఈ యంత్రం విలువ అక్కడే ఉంది.

దూరం లెక్క

ప్రొజెక్టర్ల భాషలో ‘త్రో రేషియో’ అనే లెక్క ఒకటుంది. తెర వెడల్పుకు ఎన్ని రెట్ల దూరంలో యంత్రాన్ని పెట్టాలో అది చెబుతుంది. 100 అంగుళాల తెర అంటే మూల నుంచి మూలకు కొలత. దాని వెడల్పు 221 సెంటీమీటర్లు, అంటే ఏడడుగుల మూడంగుళాలు. ఎత్తు నాలుగడుగులు దాటి ఒక్క అంగుళం. మామూలు ప్రొజెక్టర్‌కు ఈ నిష్పత్తి 1.5 అనుకుంటే తెరకు 11 అడుగుల దూరంలో ఉండాలి. అంటే సోఫా నెత్తిన, ఫ్యాను రెక్కల దారిలో. రెక్క కాంతిని కోసినప్పుడల్లా బొమ్మ రెపరెపలాడుతుంది. మంచినీళ్లకు లేచినవాళ్ల నీడ హీరో మొహం మీద పడుతుంది.

షార్ట్ త్రో రకానికి ఈ నిష్పత్తి 0.5 నుంచి 0.8 వరకు ఉంటుంది. తెరకు నాలుగు నుంచి ఆరడుగుల దూరం. హాల్లో ఆ చోట ఉండేది టీపాయ్. అక్కడ యంత్రం పెడితే వైర్లు కాళ్లకు తగులుతాయి. అద్దెకు ఉండేవాళ్లకు, వారానికోసారి తీసి పెట్టుకునేవాళ్లకు పనికొస్తుంది గానీ ఇంటికి శాశ్వతంగా అతకదు.

ఇప్పుడు అందరూ అడుగుతున్నది మూడో రకం, అల్ట్రా షార్ట్ త్రో. నిష్పత్తి 0.25, ఇంకా మంచి వాటిలో 0.19. కటకం నుంచి గోడకు 42 నుంచి 55 సెంటీమీటర్లు. కటకం పెట్టెకు ముందువైపు ఉంటుంది కాబట్టి పెట్టె వీపుకూ గోడకూ మధ్య మిగిలేది జానెడు, లేదా ఇంకో నాలుగు వేళ్లు. ఇప్పుడు టీవీ కింద ఉన్న బల్ల మీదే అది కూర్చుంటుంది. ఆ బల్లకూ గోడకూ మధ్య మనుషులెవరూ నడవరు, నీడ పడదు, ఫ్యాను తన మానాన తాను తిరుగుతుంది.

అంత దగ్గర నుంచి అంత పెద్ద బొమ్మ ఎలా పడుతుంది? పెట్టె లోపల చిప్ మీద తయారైన బొమ్మ కటకాల వరుసను దాటి ఒక పుటాకార అద్దాన్ని తాకుతుంది. ఆ అద్దం బొమ్మను విప్పారేలా చేసి, పైకి తిప్పి, ఏటవాలుగా గోడ మీదకు పంపుతుంది. గోళంలో ముక్కలాంటి మామూలు అద్దం అయితే మూలలు వంకరపోతాయి. అందుకే దీని వంపును చోటు చోటుకూ వేరుగా లెక్కగట్టి చేస్తారు. ‘మాయాబజార్’లో శ్రీకృష్ణుడు తెచ్చిన ప్రియదర్శిని పెట్టెను తలుచుకోండి. మూత తీస్తే మనసుకు నచ్చింది కనిపిస్తుంది. ఇదీ బల్ల మీద కూర్చున్న పెట్టే, పైకి చూసే కిటికీయే.

తరగతి గది నుంచి

తెరకూ యంత్రానికీ మధ్య దూరం ఉండి తీరాలన్నది నూరేళ్ల పైచిలుకు అలవాటు. మచిలీపట్నంలో పుట్టిన రఘుపతి వెంకయ్య 1910 ప్రాంతంలో క్రోనోమెగాఫోన్ అనే యంత్రం తెప్పించి మద్రాసులో, ఆ తర్వాత ఊరూరా బొమ్మలు చూపించారు. 1921లో పోతిన శ్రీనివాసరావు బెజవాడలో మారుతీ సినిమాహాలు కట్టారు. డేరా సినిమాలైనా, పక్కా హాళ్లైనా యంత్రం వెనక గదిలో, తెర ఎదుట. ఆపరేటర్ కార్బన్ కడ్డీల నిప్పును కనిపెట్టుకుని ఉండేవాడు. రీలు మారేసరికి కడ్డీ కూడా మార్చాల్సి వచ్చేది. తర్వాత జినాన్ దీపాలు, ఆ తర్వాత డిజిటల్, ఇప్పుడు లేజర్. నెల్లూరు వైపు సూళ్లూరుపేటలో 2019లో ‘సాహో’తో తెరిచిన వి ఎపిక్ హాలు తెర వెడల్పు నూరడుగుల పైమాటే. దానికి వెలుగు లేజర్‌దే. (మన తోలుబొమ్మలాటలో మాత్రం దీపం తెరకు దగ్గరగానే ఉండేది, కాకపోతే వెనక వైపు.)

యంత్రాన్ని తెర దగ్గరకు లాగింది సినిమావాళ్లు కాదు, బళ్లు. బోర్డు ముందు నిలబడి పాఠం చెప్పే మాస్టారి కళ్లలో ప్రొజెక్టర్ వెలుగు కొట్టేది. ఆయన నీడ బోర్డు మీద సగం లెక్కను మింగేసేది. ఆ ఇబ్బంది తీర్చడానికే 2000ల తొలి దశాబ్దంలో జపాన్ కంపెనీలు అద్దాల ప్రొజెక్టర్లు చేశాయి. ఎన్‌ఈసీ 2004లో అలాంటిది తెచ్చింది. తర్వాతి కాలంలో స్మార్ట్ క్లాసు అంటే బోర్డు నెత్తిన పొడవాటి చెయ్యి లాంటి కమ్మీ, దాని చివర ఒక పెట్టె. బ్రాడీపేట, అరండల్‌పేట కోచింగ్ సెంటర్లలో చదువుకున్న పిల్లలకు ఆ రూపం తెలిసే ఉంటుంది. ఇప్పుడు తరగతి గదుల్లో వాటి స్థానంలో పెద్ద టచ్ ప్యానెళ్లు వచ్చాయి. మన ప్రభుత్వ బడుల్లోనూ నాడు-నేడు పథకం కింద 2023 నుంచి ఆ ప్యానెళ్లే బిగించారు. బడిలో చోటు పోయిన ఆ అద్దం ఇంటి దారి పట్టింది.

ఇంటికి వచ్చేసరికి లోపలి దీపం మారింది. పాత ప్రొజెక్టర్‌లో పాదరసపు దీపం రెండు మూడు వేల గంటలకే మసకబారేది. దీపం మార్చాలంటే వేలు ఖర్చు. ఎల్‌జీ 2013లో 100 అంగుళాల లేజర్ టీవీ చూపించింది. మరుసటి ఏడాది హైసెన్స్ చైనా మార్కెట్లో దిగింది. షావోమీ 2017లో, శామ్‌సంగ్ 2020లో వచ్చాయి. లేజర్ ఆయుష్షు మామూలుగా 20,000 గంటలు అని చెబుతారు. రోజుకు నాలుగు గంటల చొప్పున పదమూడేళ్లు దాటుతుంది. 20,000 గంటల తర్వాత ఒక్కసారిగా ఆరిపోతుందని కాదు, వెలుగు సగానికి తగ్గుతుందని దాని అర్థం.

లేజర్లలోనూ రెండు రకాలున్నాయి. ధర తక్కువ వాటిలో నీలం లేజర్ ఒక్కటే ఉంటుంది. అది ఫాస్ఫర్ పూత పూసిన చక్రాన్ని తాకితే పసుపు వెలుగు పుడుతుంది, అందులోంచి ఎరుపు, ఆకుపచ్చ తీస్తారు. ఖరీదైనవాటిలో మూడు రంగులకూ మూడు లేజర్లు. పట్టుచీర అంచు ఎరుపు, మిరప కల్లం ఎరుపు వేరువేరుగా కనిపించాలంటే మూడు లేజర్లదే పైచేయి. వాటికీ ఒక లోపం ఉంది. తెల్లని ఆకాశం మీద సన్నని ఇసుక చల్లినట్టు మెరుపు రేణువులు కొందరి కంటికి ఆనతాయి. కొనేముందు ఇంటిల్లిపాదీ చూడాలి. ఒకరికి కనిపించనిది ఇంకొకరికి కనిపిస్తుంది.

చాలా ప్రొజెక్టర్లలో బొమ్మ తయారయ్యేది ఒక చిన్న అద్దాల చిప్ మీద. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌లో లారీ హార్న్‌బెక్ 1987లో రూపొందించిన సాధనం ఇది. అర అంగుళం కూడా లేని చిప్ మీద 20 లక్షల పైచిలుకు అద్దాలు, ఒక్కోటి 5.4 మైక్రాన్లు. ఒక్కో అద్దం క్షణంలో నాలుగు చోట్ల చుక్క వేసి 83 లక్షల చుక్కల 4కే బొమ్మను పూర్తి చేస్తుంది.

అసలు సంగతి గోడది

కొనడానికి వెళ్లినవాళ్లు పెట్టె గురించి పది ప్రశ్నలు అడుగుతారు. గోడ గురించి ఒక్కటీ అడగరు. డబ్బు వృథా అయ్యేది ఇక్కడే.

ప్రొజెక్టర్ నలుపును వేయలేదు. అది వేయగలిగింది వెలుగు మాత్రమే. తెర మీద నలుపు కనిపించాల్సిన చోట యంత్రం వెలుగు ఆపేస్తుంది, అక్కడ మనకు కనిపించేది గోడ అసలు రంగు. పగటిపూట కర్టెన్ సగం వేసిన హాల్లో గోడ మీద 150 లక్స్ వెలుతురు పడుతోందనుకోండి. (గోడ మీద పడే వెలుతురుకు కొలత లక్స్, అక్కణ్నుంచి మన కంటికి వచ్చే మెరుపుకు కొలత నిట్.) తెల్ల గోడ ఆ వెలుతురులో 40 నిట్ల దాకా మెరుస్తుంది. సినిమాహాల్లో తెర మీద పూర్తి తెలుపుకు పెట్టుకున్న ప్రమాణం 48 నిట్లు. అంటే మన గోడ మీద నలుపు, థియేటర్లోని తెలుపుకు దగ్గరగా ఉందన్నమాట! అర్ధరాత్రి దృశ్యం కాస్తా మబ్బు పట్టిన మధ్యాహ్నం అవుతుంది. ల్యూమెన్ అంటే యంత్రం వెదజల్లే వెలుగుకు కొలత. ఎన్ని వేల ల్యూమెన్ల యంత్రం తెచ్చినా తెల్ల గోడ మీద ఈ జబ్బు పోదు.

దీనికి మందు ప్రత్యేకమైన తెర. దాని ఉపరితలాన్ని భూతద్దంలో చూస్తే అడ్డంగా రంపపు పళ్ల వరుసలు కనిపిస్తాయి. ప్రతి పంటికీ కిందివైపు తెలుపు లేదా బూడిద, పైవైపు నలుపు. కింద బల్ల మీది పెట్టె నుంచి వచ్చే వెలుగు కిందివైపు ముఖాన్ని తాకి మన కళ్లకు చేరుతుంది. పైన ట్యూబులైటు, సీలింగు నుంచి వచ్చే వెలుతురును నల్ల ముఖం మింగేస్తుంది. పెట్టె ఎప్పుడూ కిందనే ఉంటుంది కాబట్టే ఈ ఉపాయం పారుతుంది. పక్క కిటికీ నుంచి వచ్చే వెలుతురును మాత్రం ఇది అంతగా ఆపలేదు. కాబట్టి కిటికీకి మందపాటి కర్టెన్ తప్పదు. తెరకు ఎదురుగా ఉన్న ట్యూబులైటును సీలింగుకు మార్చుకోవడం మంచిది. ఇక అమ్మ చిక్కుడుకాయలు ఒలుచుకునే వెలుతురు పై నుంచి పడితే చాలు, తెరకు ఇబ్బంది లేదు.

గోడకు ఇంకో పరీక్ష ఉంది, ఇది మరీ కఠినం. మామూలు ప్రొజెక్టర్ వెలుగు ఎదురుగా వస్తుంది. గోడ ఒక మిల్లీమీటరు ఉబ్బి ఉన్నా బొమ్మ అర మిల్లీమీటరు కూడా కదలదు. ఈ పెట్టె వెలుగు గోడను రాసుకుంటూ పైకి పోతుంది. పై అంచు దగ్గరకు వెళ్లేసరికి, గోడ ఒక్క మిల్లీమీటరు ఉబ్బితే బొమ్మ మూడున్నర మిల్లీమీటర్లు జరుగుతుంది. 100 అంగుళాల 4కే తెర మీద ఒక చుక్క వెడల్పు 0.58 మిల్లీమీటరు. అంటే ఆరు చుక్కల పొరపాటు. టైటిల్స్ అక్షరాలు అలల మీద తేలినట్టు కనిపిస్తాయి. సాయంత్రం ఏటవాలు ఎండలో మీ హాలు గోడను ఒకసారి పక్క నుంచి చూడండి, తాపీ మేస్త్రీ చేతి ఒంపులన్నీ కనిపిస్తాయి. లప్పం పెట్టి, రుద్ది, రెండు కోట్లు వేసిన గోడ కూడా ఈ పరీక్షలో నిలవడం కష్టం. కాబట్టి గట్టి ఫ్రేముకు నాలుగు వైపులా బిగించి లాగిన తెర కావాలి.

పైనుంచి కిందికి దించే కర్టెన్‌లాంటి తెర చవకగా వస్తుంది. దాన్ని మాత్రం కొనకండి. మన హాల్లో ఫ్యాను ఏడాదిలో పది నెలలు తిరుగుతుంది. ఆ గాలికి తెర వెంట్రుకవాసి ఊగినా బొమ్మ నీళ్లలో నీడలా వణుకుతుంది.

బిగించేటప్పుడు మేస్త్రీ దగ్గర రసమట్టం ఉండాలి. బల్ల, పెట్టె, తెర మూడూ ఒకే మట్టంలో రావాలి. బొమ్మ వంకరగా పడితే చాలామంది రిమోట్‌తో సరిచేసేస్తారు. ఆ సర్దుబాటులో యంత్రం చుక్కల్ని కత్తిరించి, కుదించి చూపిస్తుంది, బొమ్మలో పదును పోతుంది. పెట్టె కాళ్ల కింద మరలు తిప్పి సరిచేయించాలి. గంట పట్టినా సరే.

ఎత్తు లెక్క కూడా ముందే చూసుకోవాలి. పెట్టె పైనుంచి ఒక అడుగు దాటాకగానీ బొమ్మ మొదలవదు. మామూలుగా కార్పెంటర్ చేసే టీవీ యూనిట్ రెండడుగుల ఎత్తుంటే బొమ్మ అడుగు మూడున్నర అడుగుల దగ్గర, తల ఏడున్నర అడుగుల దగ్గర వస్తుంది. చాప మీద కూర్చున్న పెద్దవాళ్ల మెడ పట్టేస్తుంది. బల్ల అడుగుంబావు దాటకూడదు. ఆ గోడకే ఏసీ, అటక, పటాలు ఉంటే ముందే కొలత తీసుకోవాలి.

ఎన్ని అంగుళాలు?

ఇక్కడ మనవాళ్లకు ఆశ ఎక్కువ. ‘120 పడుతుందా, 150 పడుతుందా?’ అని అడుగుతారు. సినిమాహాల్లో మంచి సీట్లో కూర్చుంటే తెర మన చూపులో 40 డిగ్రీల మేర పరుచుకుంటుంది. ఆ అనుభవం 100 అంగుళాల తెరకు పదడుగుల దూరంలో కూర్చుంటే వస్తుంది. 120కి పన్నెండు అడుగులు కావాలి. 11 అడుగుల హాల్లో సోఫా వెనక్కి జరిపినా కళ్లకు, తెరకు మధ్య తొమ్మిది, పది అడుగులే మిగులుతాయి. కాబట్టి చాలా బ్రాడీపేట హాళ్లకు 100 అంగుళాలే సరైన కొలత. 55 అంగుళాల టీవీకి ఇది మూడు రెట్లకు పైగా వైశాల్యం. ఇంకా కావాలనుకోవడం కంటికి శ్రమే.

వెలుగు సంగతి. 2,500 ల్యూమెన్ల యంత్రం 100 అంగుళాల ప్రత్యేక తెర మీద సుమారు 170 నిట్లు ఇస్తుంది. థియేటర్ ప్రమాణానికి మూడింతలు దాటింది. సాయంత్రం లైట్లు వెలుగుతుండగా చూడటానికి సరిపోతుంది. మిట్టమధ్యాహ్నం క్రికెట్‌కు కర్టెన్లు వేయాలి. ఈ ల్యూమెన్ల అంకెలోనే మోసాలు ఎక్కువ. లోపలి దీపం వెలుగును లెక్కగట్టి ఐదు వేలని అచ్చేస్తారు, తెర మీదకు వచ్చేది అందులో మూడో వంతు. తెర మీదకు వచ్చే వెలుగును కొలిచి చెప్పే ‘ఆన్సీ’ ల్యూమెన్లు ఎన్ని అని అడగాలి. ఆన్‌లైన్లో పది వేల రూపాయలకు, పది వేల ల్యూమెన్లంటూ దొరికే పెట్టెల జోలికి పోవద్దు.

టీవీనే కొనుక్కుంటే?

ఇది న్యాయమైన ప్రశ్న. 98, 100 అంగుళాల టీవీల ధరలు గత మూడు నాలుగేళ్లలో బాగా దిగొచ్చాయి. వాటి వెలుగు ఈ పెట్టెకు ఎన్నో రెట్లు. నలుపు నల్లగా ఉంటుంది. గోడ, తెర, మట్టం బెడద లేదు. కిటికీలు తెరిచి పగలంతా టీవీ చూసే ఇంటికి నేను టీవీనే కొనమంటాను.

అయితే ఆ టీవీ బ్రాడీపేట మూడో అంతస్తుకు ఎక్కాలి. ఏడడుగుల పైచిలుకు పొడవు, నాలుగడుగుల ఎత్తున్న గాజు పలక, 50 కిలోలకు పైగా బరువు. ఆరుగురు పట్టే లిఫ్టులోకి రాదు. మెట్ల మలుపులో తిరగదు. తాళ్లు కట్టి బాల్కనీ నుంచి లాగడానికి అడ్డరోడ్డులో కరెంటు తీగలు అడ్డం. గాజు పగిలితే లక్షలు పోయినట్టే. ప్రొజెక్టర్ పెట్టె పది కిలోల చిల్లర. తెర పొడవాటి గొట్టంలో చుట్టి, ఫ్రేము ముక్కలుగా వస్తుంది. ఒకరు భుజాన వేసుకుని మెట్లెక్కేయొచ్చు. రేపు ఇల్లు మారినా తీసుకుపోవచ్చు.

కళ్లకు కూడా తేడా ఉంది. టీవీ వెలుగు నేరుగా కంటిని కొడుతుంది, దీని వెలుగు తెరను తాకి వస్తుంది. చీకటి గదిలో రెండు గంటలు చూశాక ఇది తేలిగ్గా ఉంటుందని చాలామంది చెబుతారు. నా అభిప్రాయమూ అదే. కానీ కటకంలోకి నేరుగా చూడటం ప్రమాదం. చిన్నపిల్లలు బల్ల మీదకు వంగి వెలుగు ఎక్కణ్నుంచి వస్తోందా అని తొంగిచూస్తారు. మంచి యంత్రాల్లో ఎవరైనా దగ్గరకు రాగానే వెలుగు తగ్గించే సెన్సర్ ఉంటుంది. అది పనిచేస్తోందో లేదో డెమోలోనే చెయ్యి పెట్టి చూడండి. పిల్లలున్న ఇంట్లో ఆ సెన్సర్‌ను ఆపేయవద్దు.

మన వాతావరణం

రెంటచింతల ఎండలు గుంటూరుకు తెలియనివి కావు. ఈ యంత్రాలకు చాలావరకు 35, 40 డిగ్రీల దాకానే అనుమతి. మే నెల మధ్యాహ్నం ఏసీ లేని హాలు ఆ గీత దాటేస్తుంది. వేడెక్కితే అదే వెలుగు తగ్గించుకుంటుంది, లేదా ఆగిపోతుంది. టీవీ యూనిట్ అరల్లో మూసిపెట్టకూడదు. రెండు పక్కలా గాలి ఆడే చోటు వదలాలి.

కటకం ఆకాశం కేసి చూస్తూ ఉంటుంది కాబట్టి దుమ్ము నేరుగా దాని మీదే వాలుతుంది. వారానికోసారి మెత్తని పొడి గుడ్డతో తుడవాలి, చీర కొంగుతో కాదు. తొలకరి సాయంత్రాల్లో ఉసిళ్లు వెలుగు కోసం వచ్చి ఆ గాజు మీద పడతాయి. ఒక్క ఉసిల నీడ తెర మీద కాకిలా కనిపిస్తుంది. ఆ పూటకు కిటికీ జాలి మూసుకోవడమే మార్గం. సినిమా అయిపోగానే మూత పెట్టే అలవాటు ఇంట్లో అందరికీ చేయండి. కొన్ని యంత్రాలకు మూత దానంతటదే జారుతుంది, అలాంటిది దొరికితే మేలు.

కరెంటు పోతే పాత దీపాలకు ప్రాణం మీదకు వచ్చేది, వేడి దీపం ఫ్యాను లేక పగిలేది. లేజర్‌కు ఆ భయం లేదు. అయినా వోల్టేజీ ఎగుడుదిగుడుల నుంచి కాపాడటానికి ఒక యూపీఎస్ పెట్టుకోవాలి.

ఏం చూస్తాం?

చాలా పెట్టెల్లో టీవీ ట్యూనర్ ఉండదు. కేబుల్ వాళ్లదో, ఏపీ ఫైబర్‌నెట్‌దో బాక్సు నుంచి హెచ్‌డీఎంఐ వైరు పెట్టుకోవాలి. మామూలు ఎస్‌డీ ఛానల్ బొమ్మలో ఉండేది నాలుగు లక్షల చుక్కలే. దాన్ని 83 లక్షల చుక్కల తెర మీద సాగదీస్తే న్యూస్ రీడర్ మొహం మైనపు ముద్దవుతుంది. హెచ్‌డీ ప్యాకేజీ వేయించుకోకుండా ఈ తెర పెట్టుకోవడం దండగ. కొన్ని బ్రాండ్లలో నెట్‌ఫ్లిక్స్ లాంటివి సరిగా రావు, విడిగా స్ట్రీమింగ్ స్టిక్ కొనాల్సి వస్తుంది. ముందే అడిగి తెలుసుకోండి.

ఈ తెర అసలు సత్తా పాత సినిమాల దగ్గర తెలుస్తుంది. 2022 ఆగస్టులో ‘పోకిరి’ 4కేలో మళ్లీ విడుదలైనప్పటి నుంచి పాత ప్రింట్లను శుభ్రం చేసే పని ఊపందుకుంది. 1957 నాటి ‘మాయాబజార్’కు రంగులద్ది 2010లో విడుదల చేశారు. నాకైతే మార్కస్ బార్ట్లే తీసిన నలుపు తెలుపే ఇష్టం. మంచి ప్రింటు దొరికితే ఏడడుగుల తెర మీద ఆ వెన్నెల పడవను అమ్మమ్మ పక్కన కూర్చుని చూడండి. మన కెమెరామన్లు ఏం సాధించారో 43 అంగుళాల టీవీ మనకు చెప్పలేదు.

ధ్వని గురించి ఒక్క మాట. పెట్టెలో స్పీకర్లు మాటలకు సరిపోతాయి, పాటలకు, యుద్ధాలకు చాలవు. సౌండ్‌బార్, సబ్‌వూఫర్ పెట్టుకోండి. రాత్రి పదింటి తర్వాత సబ్‌వూఫర్ ఆపేయండి, కింది ఇంట్లో ఇంటర్ చదివే పిల్ల ఉంటుంది.

ఖర్చు

లక్షన్నర నుంచి ఐదారు లక్షల దాకా యంత్రాలున్నాయి. మంచి తెరకు అర లక్ష పైనే పెట్టాలి. ధ్వని, యూపీఎస్, బల్ల, కర్టెన్లు కలుపుకుంటే మధ్యరకం ఏర్పాటుకు మూడు లక్షలు అనుకోవచ్చు. 2025 సెప్టెంబరు 22 నుంచి ప్రొజెక్టర్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. పాత స్టాకు అమ్మేవాళ్లు ఆ తేడా ఇస్తున్నారో లేదో బిల్లులో చూసుకోవాలి.

మూడు లక్షలు ఈ నేల లెక్కలో ఎంత? 2025 ఫిబ్రవరిలో మిర్చి ధర పడిపోయినప్పుడు కేంద్రం మార్కెట్ జోక్యం కింద క్వింటాలుకు 11,781 రూపాయలు ఖరారు చేసింది. ఆ ధరకు మూడు లక్షలంటే పాతిక క్వింటాళ్ల మిరపకాయలు. బాగా పండిన ఒక ఎకరం మొత్తం పంట, అదీ మందులు, కూలీల ఖర్చు తీయకముందు. బ్రాడీపేట ఇళ్లల్లో చాలావాటి పునాదుల్లో ఆ మిర్చి, పత్తి డబ్బే ఉంది. అంత సొమ్ము పెట్టేటప్పుడు మీకు దక్కాల్సింది దక్కాలి.

కాబట్టి డబ్బు పంచుకునే వరుస మార్చండి. ముందు గోడ, కర్టెన్లు. తర్వాత తెర. మిగిలినదాంట్లో పెట్టె. రెండు లక్షల యంత్రాన్ని మంచి తెర మీద చూస్తే, నాలుగు లక్షల యంత్రాన్ని తెల్ల గోడ మీద చూసినదానికన్నా బాగుంటుంది.

షోరూములో నల్లరంగు వేసిన చీకటి గదిలో చూపించే డెమో చూసి అడ్వాన్సు ఇవ్వకండి. ఆదివారం మధ్యాహ్నం రెండు గంటలకు, మీ హాల్లో, మీ గోడ ముందు, ఫ్యాను తిరుగుతుండగా, పై లైటు వెలుగుతుండగా చూపించమనండి. యంత్రంతో పాటు తెర కూడా తెమ్మనండి. మీకు బాగా తెలిసిన సినిమాలో ఒక రాత్రి దృశ్యం, ఒక పెళ్లి దృశ్యం వేయించుకుని ఇంట్లో వాళ్లందరితో కలిసి చూడండి. అలా తెచ్చి చూపించే డీలరు దగ్గరే కొనండి. కుదరదన్నవాడి దగ్గర, ఎంత తగ్గించి ఇస్తానన్నా, కొనకండి.